పుస్తకంలో కల్యాణపురం ఉండాలా, వద్దా?

పోస్టు పొడుగే. ఒక్క విడతలో చదవలేకపోతే మిగతాది రాత్రి భోజనాలయ్యాక చదవండి గానీ, సగం చదివి కామెంటు మాత్రం పెట్టకండి. పోయినసారి అలాగే పెట్టి తర్వాత అందరం నాలుగు రోజులు కొట్టుకున్నాం.

సంగతి మీకు తెలిసిందే. యానాం పిల్లల చేతిలో పెట్టడానికి మన సంఘం తరఫున నలభై పేజీల చిన్న పుస్తకం వేద్దామనుకున్నాం. ఊరు ఎక్కడుంది, ఏ ఏరు ఎటు పోతుంది, ఎవరెవరు వచ్చారు, ఎవరెవరు వెళ్ళారు, ఇదీ విషయం. పెద్దవాళ్ళు చదువుకోవడానికి బొల్లోజు బాబా గారి 'ఫ్రెంచి పాలనలో యానాం' ఉంది. ఏడో తరగతి పిల్లాడు చదివేది లేదు. చిత్తుప్రతి రాసి పదిమంది పెద్దలకి ఇచ్చాం. చాలా శ్రద్ధగా చదివి ఇచ్చారు, అందుకు దణ్ణం పెట్టాలి. అయితే మూడు చోట్ల ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసి, పక్కన 'వద్దు' అని రాశారు. బాల్యవివాహాల సంగతి ఒకటి, రీయూనియన్ దీవికి వెళ్ళిన కూలీల సంగతి రెండోది, 2012 నాటి ఫ్యాక్టరీ గొడవ మూడోది. ఆ మూడూ ఉండాల్సిందేనని మేము అంటున్నాం. ఎందుకంటున్నామో చెప్పడానికే ఈ పోస్టు.

అసలు ఈ పుస్తకం ఆలోచన ఎలా వచ్చిందో ముందు చెబుతాం. ఆమధ్య మన వీధుల్లో పిల్లల్ని కూర్చోబెట్టి సరదాగా ప్రశ్నలు అడిగాం. జూన్ 13 ఏమిటర్రా అంటే ఒకడు 'బడి తెరిచే రోజు' అన్నాడు. వాడి తప్పేం లేదు. మన బడుల్లో ఏళ్ల తరబడి చదివింది ఆంధ్ర సిలబస్సు. అందులో అల్లూరి సీతారామరాజు ఉంటాడు, ఉండాలి కూడా. దడాల రఫేల్ రమణయ్య ఉండడు. మన ప్రభుత్వం ఉండేది పుదుచ్చేరిలో, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైన. వాళ్ళ బడిపుస్తకాలు అరవంలో ఉండేవి. మన హైకోర్టు మద్రాసు హైకోర్టు. తెలుగులో రాసుకున్న దస్తావేజు మీద అప్పీలుకి చెన్నై వెళ్ళాలి. బండి నంబరు పీవై 04, ఫోను కోడు కాకినాడ వాళ్ళ 0884, పిన్‌కోడు మళ్ళీ ఆంధ్రా వరసలో 533464. ఇన్ని చోట్ల మన పేరు నమోదై ఉంది గానీ ఏ ఒక్క చోటా మన కథ పూర్తిగా లేదు. పక్క జిల్లాల వాళ్ళనడిగితే యానాం అంటే చవక మందు, చవక పెట్రోలు. ఆదివారం వచ్చేవాళ్ళకి గోదావరి గట్టు మీద ఫొటో, ఆ ఈఫిల్ టవరు లాంటి స్తంభం. అంతే.

మొత్తం జిల్లా 30 చదరపు కిలోమీటర్లు. కొన్ని రెవెన్యూ గ్రామాలు ఇంతకన్నా పెద్దవి. 2001 జనాభా లెక్కల్లో 31 వేలున్నవాళ్ళం 2011కి 55,626 అయ్యాం. కనకాలపేట, మెట్టకూరు, అడవిపొలం, గిరియాంపేట, ఫరంపేట, కురసాంపేట, దరియాలతిప్ప, సావిత్రినగర్, ఇలా పేర్లు చెప్పుకుంటూ పోతే గుక్క తిప్పుకునేలోపు జిల్లా అయిపోతుంది. రైలు లేదు. కాకినాడ ముప్ఫై కిలోమీటర్ల లోపే. ఎదుర్లంక వారధి పడ్డాక కోనసీమ కూడా పొరుగిల్లే అయింది. అంతకు ముందు పంటు కోసం రేవులో ఎండలో నిలబడ్డ రోజులు మాలో సగం మందికి గుర్తే.

చిన్నదైతే ఏం, ఉన్న చోటు చూడండి. గౌతమి నుంచి కోరింగ పాయ చీలే చోట కూర్చున్నాం. సప్త గోదావరుల్లో ఆత్రేయ అంటారే, అదే కోరింగ. ఒక పక్క కొబ్బరితోటల కోనసీమ, ఇంకో పక్క కోరింగ మడ అడవులు, కింద సముద్రం. సముద్రంలోంచి ఎర్రనీటికి ఎదురీది వచ్చే పులస వరదల కాలంలో ముందు మన రేవులోనే పడుతుంది. పుస్తెలమ్మి అయినా తినాలన్న ఆ చేపని పొద్దున్నే వేలం వేసే ఆడవాళ్ళు మన మత్స్యకార కుటుంబాల వాళ్ళే. పాట మొదలెట్టడం, ధర తెంచడం, డబ్బు లెక్కపెట్టడం అన్నీ వాళ్ళ చేతిలోనే. ఏటి లోతు, పోటు పాటు, ఏ గాలికి ఏ చేప అన్నది వాళ్ళకి తెలిసినంత ఏ కార్యాలయానికీ తెలియదు. పుస్తకంలో ఆ పేజీలు వాళ్ళ మాటల్లోనే రాశాం. వాటిమీద ఎవరూ ఎర్ర గీత పెట్టలేదు, సంతోషం.

ఏరు సముద్రంలో కలిసే చోటు కాబట్టే కంపెనీల వాళ్ళు వచ్చారు. పై ఊళ్ళలో మగ్గాల మీద నేసిన బట్ట పడవల్లో దిగేది ఇటే. ఇంజరం, నీలపల్లిలో ఇంగ్లీషువాళ్ళు, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్ళు, మధ్యలో ఫ్రెంచివాళ్ళు. 1723లో ఇక్కడ దిగారు, గిట్టుబాటు కాక 1727లో మూసేసి పోయారు, మళ్ళీ 1731లో వచ్చారు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లు మొత్తం బుస్సీకి రాసిచ్చినప్పుడు ఒక్కసారిగా మనం పెద్ద రాజ్యంలో ముక్కయ్యాం. 1758లో పిఠాపురం వైపు చందుర్తి దగ్గర ఆ రాజ్యం పోయింది. ఆ యుద్ధంలో ఫ్రెంచివాళ్ళు గెలిచి ఉంటే మనమంతా ఏ భాషలో తిట్టుకునేవాళ్ళమో అని మా చిన్నప్పటి మాస్టారొకరు నవ్వించేవారు. తర్వాత ఇంగ్లీషువాళ్ళు యానాన్ని ఎన్నిసార్లు పట్టుకున్నారో, ఎన్నిసార్లు తిరిగిచ్చారో లెక్కపెడితే విసుగొస్తుంది. చివరికి 1814 పారిస్ సంధి ప్రకారం ఫ్రెంచివాళ్ళకే దఖలుపడి, 1954 వరకూ ఉండిపోయింది. మధ్యలో 1839 నవంబరు తుఫాను వచ్చి కోరింగ రేవుని ఊడ్చిపెట్టింది. మనల్నీ ముంచింది. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరింగ మళ్ళీ లేవలేదు.

ఇక ఎర్ర గీతల దగ్గరికొద్దాం.

మొదటి గీత కల్యాణపురం మీద. బాల్యవివాహాలు ఆపడానికి 1929లో శారదా చట్టం చేశారు. ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండాలని అందులో ఉంది. 1930 ఏప్రిల్ నుంచి బ్రిటిషు ఇండియా అంతా అమల్లోకి వచ్చింది. మన సరిహద్దు దగ్గర ఆగిపోయింది. దాంతో చుట్టుపక్కల తాలూకాల నుంచి పిల్లని బండెక్కించో పడవెక్కించో యానాం తీసుకొచ్చి తాళి కట్టించి తీసుకెళ్ళడం మొదలైంది. ఆ పెళ్ళిళ్ళ వల్లే ఊరికి కల్యాణపురమని పేరు. సన్నాయివాళ్ళకీ పురోహితులకీ వంటవాళ్ళకీ విడిది ఇళ్ళు ఇచ్చినవాళ్ళకీ నాలుగు డబ్బులు మిగిలాయి. 1954 వరకూ ఇదే తంతు.

ఈ పేరు మన టూరిజం కాగితాల్లో ఎంత ముద్దుగా వాడతారో గమనించారా? కల్యాణపురమంటే ఏదో వెంకన్న కల్యాణం జరిగే చోటన్నట్టు! మన మీసాల వెంకన్న కల్యాణం గొప్పగా జరిగే మాట నిజమే, దానికీ దీనికీ సంబంధం లేదు. పేరు ఉంచుకుని కారణం కొట్టెయ్యమంటే ఎలాగండీ? పిల్లాడు రేపు నాన్నా ఆ పేరెందుకొచ్చిందని అడిగితే అబద్ధం చెప్పాలా?

ఎర్ర గీత పెట్టిన పెద్దాయన కారణం కూడా దాచుకోలేదు. తర్వాత ఫోను చేసి చెప్పారు. "మా అమ్మగారి పెళ్ళి ఇక్కడే జరిగిందర్రా. ఎనిమిదేళ్ళకి. అవతల ఊరి నుంచి తీసుకొచ్చారు. బొమ్మ తెచ్చుకోనివ్వలేదని చివరిదాకా చెప్పేది. ఆవిడ సంగతి పిల్లల పుస్తకంలో ఎందుకు, నలుగురూ నవ్వడానికా?" అన్నారు. మాలో ఎవరికీ నోరు పెగల్లేదు. ఆయన బాధ కాదనలేం. కానీ బాబాయిగారూ, ఇందులో నవ్వులపాలయ్యేది మీ అమ్మగారు కాదు కదా. ఆవిణ్ణి బండెక్కించినవాళ్ళూ, విడిదికి అద్దె తీసుకున్న మన ఊరూ జవాబు చెప్పాలి. ఎవరి పేరూ వెయ్యం, ఏ ఇంటి పేరూ వెయ్యం. అది జరిగిందని మాత్రం రాస్తాం. మనకి రేఖ అవతలి చట్టం వర్తించదన్న ధీమా అప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లల మీద ఎలా పడిందో మన పిల్లలకి తెలిస్తే, ఇప్పుడు రేఖ ఇవతల ఏది చవగ్గా దొరికినా ఒకసారి ఆలోచిస్తారు. ఇదే ఊళ్ళో పరదేశీ సరుకు కోసం, దొంగసరుకు కోసం మంగళవారం సంతకి అవతలివాళ్ళు విరగబడి వచ్చేవారని మురిసిపోతూ రాస్తే మాత్రం ఎవరూ గీత పెట్టలేదు. సంతా కల్యాణాలూ ఒకే రేఖ పుణ్యమే.

రెండో గీత కూలీల మీద. 1828లో యానాంలో ఒక ఒప్పందం రాసుకుని పదిహేను మంది తెలుగువాళ్ళని హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి చెరకు తోటల పనికి ఎక్కించారు. కాగితాల్లో వాళ్ళని తెలింగాలు అని రాశారు. ఆ దీవికి ఇండియా నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్ళిన తొలి జట్లలో వాళ్ళదొకటి. ఫ్రెంచి వలసల్లో బానిసత్వం 1848 దాకా రద్దు కాలేదన్నది గుర్తుపెట్టుకుంటే, బానిసలు ఇంకా పనిచేస్తున్న తోటల్లోకే వీళ్ళు వెళ్ళారని అర్థమవుతుంది. తర్వాత తర్వాత కోరింగ రేవు నుంచి మారిషస్‌కీ బర్మాకీ ఎంతమంది ఓడలెక్కారంటే, మారిషస్‌లో తెలుగువాళ్ళకి కోరంగి అనే పేరు పడిపోయింది. రంగూన్‌లోనూ అదే పేరు. మన పక్కనున్న చిన్న ఏటి పేరు అన్ని దేశాల్లో ఒక జాతి పేరైంది. ఇందులో సిగ్గుపడేదేముందో మాకు తెలియడం లేదు. "మనవాళ్ళు కూలీలుగా వెళ్ళారని రాస్తే తక్కువగా ఉంటుంది" అని పక్కన రాశారు. ఇప్పుడు గల్ఫుకి వెళ్తున్నవాళ్ళు మన సంఘంలోనే ఎంతమంది ఉన్నారు? చందాలు ఎక్కువగా పంపేదీ వాళ్ళే. వాళ్ళ పిల్లలు ఈ పుస్తకం చదువుతారు. ఇంతకు ముందూ మనవాళ్ళు ఓడెక్కారని తెలిస్తే వాళ్ళకి తక్కువవుతుందా?

మూడో గీత అన్నిటికన్నా బలంగా గీశారు, కాగితం చిరిగింది. 2012 జనవరి 27. రీజెన్సీ సెరామిక్స్. ఆ ఉదయం పోలీసులతో గొడవలో కార్మిక నాయకుడు చనిపోయాడు. ఆ కోపంలో జరిగిన దాడిలో కంపెనీ అధ్యక్షుడు చనిపోయారు. ఫ్యాక్టరీ తగలబడింది, మూతపడింది. ఆ టైల్సు కంపెనీ మీద ఊళ్ళో ఎన్ని పొయ్యిలు వెలిగేవో మనకి తెలుసు. పని పోయినవాళ్ళలో ఆటో తోలినవాళ్ళున్నారు, హైదరాబాదు వెళ్ళి వాచ్‌మెన్లయినవాళ్ళున్నారు, చేతిలో పనున్నా ఇంకెక్కడా చేరలేక ఇంట్లోనే కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. ఈ విషయంలో రెండు వైపులవాళ్ళూ మన గ్రూపులో ఉన్నారు. అందుకని వాదన రాయలేదు. తేదీ, రెండు ప్రాణాలు, మూతపడ్డ గేటు. ఒక్క పేజీ. అది కూడా ఎక్కువంటే మేము ఒప్పుకోం. ఆ ఏడాది పుట్టిన పిల్లలే ఇప్పుడు హైస్కూల్లో ఉన్నది. మీ ఊళ్ళో ఏమైందట అని బయట ఎవరో ఫోనులో చూసి అడుగుతారు, వీళ్ళకి జవాబు తెలియదు.

గీతలు పెట్టినవాళ్ళ మొత్తం వాదన ఒకటే: పిల్లలకి గర్వపడే సంగతులు చెప్పండి. సరే, గర్వపడేవి తక్కువున్నాయా? 1954 జూన్ 13నే తీసుకోండి. ఫరంపేటలో పేద ఇంట్లో పుట్టి, పుదుచ్చేరిలో పోలీసు ఇన్‌స్పెక్టరయిన దడాల, ఆ ఫ్రెంచి సర్కారు మీదే తిరగబడి కాకినాడ వైపు నుంచి జనంతో వచ్చి జెండా ఎగరేశారు. మేయరు మద్దింశెట్టి సత్యనారాయణ, సమతం కృష్ణయ్య గార్లు విలీనం వైపు నిలబడ్డారు. పుదుచ్చేరి, కారైకాల్ ఆ ఏడాది నవంబరు 1న గానీ చేతికి రాలేదు, మనం నాలుగు నెలలు ముందే పని కానిచ్చాం. ఇది రాసుకుని మురిసిపోవచ్చు. అయితే అదే రోజుని ఫ్రెంచివాళ్ళ రాతల్లో కుట్ర అంటారు. మేము పుస్తకంలో రెండు మాటలూ రాశాం. మన మాట ఎందుకు సరైనదో పిల్లాడు తనే తేల్చుకోవాలంటే ఎదుటివాడి మాట కూడా వినాలిగా.

దీనికి పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. 1956 మే 28న రెండు దేశాలూ సంతకాలు పెట్టి, 1962 ఆగస్టు 16న ఖాయం చేసుకున్న ఒప్పందంలో, ఈ ప్రాంతాల ప్రత్యేక హోదాని మార్చాలంటే ముందు ప్రజల అభిప్రాయం తెలుసుకోవాలని రాసి ఉంది. యానాన్ని ఆంధ్రలో కలిపేస్తే పోతుందని ప్రతి ఎన్నికలప్పుడూ ఎవరో ఒకరు అంటారు. కలవాలో వద్దో మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. కానీ అడిగే రోజంటూ వస్తే, జవాబివ్వాల్సినది ఇప్పుడు ఏడో తరగతి చదువుతున్న ఈ పిల్లలే. ముప్ఫై మంది సభ్యుల అసెంబ్లీలో మనకి ఒకే ఒక్క సీటు. 2021లో ముఖ్యమంత్రి పదవికి నిలబడ్డ మనిషి కూడా ఇక్కడ పోటీ చేస్తే ఇండిపెండెంటుని గెలిపించి పంపిన ఊరిది. మన ఓటుకి అంత పదునుంది. పెట్రోలు ధర తప్ప ఊరి గురించి ఇంకేమీ తెలియని పిల్లల చేతికి ఆ ఓటు అప్పజెబుదామా?

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తున్నాం, క్షమించండి. పుస్తకం రాస్తూ ఇంటింటికీ తిరిగినప్పుడు పాత కాగితాలు చూశాం. ఫ్రెంచివాళ్ళు పుట్టుక, పెళ్ళి, చావు మూడూ పట్టు వదలకుండా రిజిస్టర్లో ఎక్కించారు. మన పేర్లు వాళ్ళ నోటికి ఎలా పలికితే అలా రాసుకున్నారు. కృష్ణయ్య క్రిస్తయ్య అయ్యాడు. ఒక్క ఉకారానికి రెండక్షరాలు, చకారానికి మూడక్షరాలు. తాతల పేరు కాగితంలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉండి పొలం పంపకాల్లో తిప్పలు పడుతున్న ఇళ్ళు ఊరంతా ఉన్నాయి. ఆ రాత చదవగలిగిన ఫ్రెంచి వచ్చిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మాలో ఒకరింట్లో తాతగారి ట్రంకుపెట్టె 86 వరదలో మునిగింది, ఎండబెట్టిన కాగితాలు పెళుసెక్కి ముట్టుకుంటే పొడి. మిగిలినవి 96 తుఫానుకి పోయాయి. 2022 జూలైలో నీళ్ళొచ్చినప్పుడు టీవీ అటక మీదకి ఎక్కించి కాగితాల సంచీ కింద మరిచిపోయిన ఇల్లు కూడా చూశాం. చిన్నతనం యానాంలో గడిపిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు తన జ్ఞాపకాలు రాసుకున్నారు గనక ఆనాటి ఊరు కాస్తయినా మనకి కనిపిస్తోంది. రాయని ఇళ్ళ సంగతి గోదారి పాలే.

కాబట్టి ఒక విన్నపం. ఇంట్లో ఫ్రెంచి కాలం కాగితం ఏదున్నా, బర్మా నుంచో మారిషస్ నుంచో వచ్చిన పాత ఉత్తరం ఉన్నా, ఫ్యాక్టరీ గుర్తింపు కార్డున్నా, మాకు ఇచ్చెయ్యనక్కర్లేదు. తీసుకొస్తే అక్కడే ఫొటో తీసుకుని మీ చేతికే ఇస్తాం. చదవలేనివి చదివించే ఏర్పాటు చూస్తున్నాం. పేరు వెయ్యొద్దంటే వెయ్యం.

చిత్తుప్రతి మీద ఆఖరి మాట వచ్చే మంగళవారం సాయంత్రం, సంత సర్దేశాక, మామూలు చోటే. మూడు గీతల మీదా చేతులెత్తించి లెక్కపెడతాం. ఓడిపోతే మేమే ఆ పేజీలు తీసేస్తాం, గొణగం. గొణుగుతాం కానీ తీసేస్తాం.

బాబాయిగారికి నిన్న మళ్ళీ ఫోను చేశాం. ఆ పేజీ మార్చి రాశాం, ఒకసారి వినండి అంటే సరే అన్నారు. చదివాం. కాసేపు ఏమీ అనలేదు. "బొమ్మ సంగతి రాయలేదేం?" అన్నారు. మీరు వద్దంటారని రాయలేదన్నాం. మంగళవారం వస్తాను, అక్కడ చెబుతాను అని పెట్టేశారు.